వీణ ప్రయాణం కడితే

రెండేళ్ల ఉద్యోగానికో, మూడేళ్ల చదువుకో దూరదేశం బయల్దేరేవాళ్ల ఇంట్లో సామాను సర్దుడు మొదలైతే ప్రతి వస్తువుకూ ఏదో ఒక లెక్క కుదురుతుంది. ఆవకాయ డబ్బాకు కుదురుతుంది, కుక్కరుకు కుదురుతుంది, పట్టుచీరలకైతే ముందే కుదిరిపోతుంది. గది మూల గలేబు కప్పుకుని ఉన్న వీణ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోతారు. విమానంలో పడేస్తే విరుగుతుందని నాన్న. ఇన్నాళ్లు ముట్టుకోకపోతే చెయ్యి పోతుందని పాఠం చెప్పిన టీచరుగారు. వాయించే పిల్ల ఎవరైనా ఉంటే ఇచ్చి వెళ్లమని అమ్మమ్మ. మూడు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే తగవు తెగదు.

నన్నడిగితే ముందు గలేబు తీసి వీణను నిదానంగా చూడమంటాను. ఏ భాగం దేనికి ఎలా అతికి ఉంది, ఏది మరతో బిగిసింది, ఏది కేవలం తీగల ఒత్తిడితో నిలబడి ఉంది, ఏది మైనంలో కూర్చుని ఉంది? ఈ నాలుగూ తెలిస్తే ఏ భాగానికి దారిలో ఏమవుతుందో చాలావరకు తెలిసిపోతుంది. వీణ చేసినవాళ్లు ప్రయాణం మాట కూడా అందులో చెక్కిపెట్టారు. దాన్ని చదువుకోవడమే మన పని.

సరస్వతీ వీణ పొడవు నాలుగడుగుల పైచిలుకు. వాయించేవాళ్ల కుడిచేతి వైపు నేలకు ఆనేది గుండ్రని కుండ. కుండ నోటి మీద పరిచిన పలక, పలక మీద చిన్న చిన్న నాదరంధ్రాలు, నడుమ గుర్రం. కుండ నుంచి ఎడమకు సాగేది దండి. పైకి గట్టి దూలంలా కనిపించినా లోపల బోలు. దండి చివర బిరడాలు, ఆపైన కిందికి వంగిన యాళి ముఖం. ఆ చివరకే అడుగున ఎడమ తొడ మీద ఆనే బుర్ర. దండి మీద 24 మెట్లు, వాటి మీదుగా నాలుగు తీగలు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మరో మూడు. ఈ 24 మెట్ల కట్టడం తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 1600-1634 నడుమ, స్థిరపడిందని చెబుతారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. అంతకుముందు వీణల్లో రాగానికి తగ్గట్టు మెట్లు జరుపుకునేవారు. స్థాయికి పన్నెండు మెట్లు చొప్పున రెండు స్థాయిలకు ఒక్కసారి బిగించేస్తే ఏ రాగమైనా అక్కడే దొరుకుతుంది. ఇది పెద్ద సౌకర్యమే. కాకపోతే ఒకసారి కూర్చున్న మెట్టు మళ్లీ కదలకూడదన్న షరతు కూడా ఆ రోజు నుంచే పడింది. ప్రయాణంలో మన బెంగంతా ఆ షరతు గురించే.

మొదట కర్ర సంగతి. వీణకు పనస కర్ర. మృదంగానికీ అదే. చెద అంత తేలిగ్గా పట్టదు, చెక్కితే తేటగా తెగుతుంది, ఎండేకొద్దీ పసుపు రంగు ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా చేస్తున్న వీణకు పేరు రావడానికి కారణం, కుండా దండీ ఒకే మొద్దులో తీయడం. దాన్ని ఏకాండి వీణ అంటారు. ఒకే మొద్దు అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. కుండను తొలవాలంటే పైనుంచే తొలవాలి, దండిని బోలు చేయాలన్నా పైనుంచే. కాబట్టి రెండింటికీ మూత పలకలు వేరే కర్రతో చేసి అతకక తప్పదు. ఒకే మొద్దులో వచ్చేది అడుగు భాగం. అందులో కుండ గుండ్రటి గోడ దండి సన్నటి గోడలోకి అతుకు లేకుండా సాగిపోతుంది.

ఆ సాగడం ఎలా వస్తుందో చూడాలి. బాడిసెతో మొద్దును స్థూలంగా చెక్కి రూపం తెచ్చాక, ఉలితో లోపలి కర్రను తొలుస్తూ పోతారు. కుండ గోడ మందంగా ఉంటే నాదం మొద్దుబారుతుంది, మరీ పలచనైతే బలం పోతుంది. ఆ నడిమి మందం తెలుసుకోవడానికి వేళ్లతో తడుతూ వింటారు. బయట ఉలి దెబ్బ పడ్డచోట లోపల ఎంత కర్ర మిగిలిందో చేతికి తెలియాలి. ఒక్కచోట చిల్లు పడితే అతుకు వేయడానికి వీల్లేదు, మొద్దు మొత్తం దండగ. ఈ పనిలో దిద్దుబాటుకు చోటు లేదు గనకనే చేసేవాడు తొందరపడడు. నాకు ఆ పనిలో బాగా నచ్చేది కుండ దండిగా మారే మెడ భాగం. తీగలు లాగే బరువంతా అక్కడే పడుతుంది. కర్ర నార అక్కడ తెగకుండా, కుండ లోంచి దండి చివరి దాకా నిడివిగా పరుగెత్తుతుంది. ఏ జిగురూ ఇవ్వలేని బలం అది.

మరో రకంలో కుండ, దండి, యాళి ముఖం విడివిడిగా చెక్కి అతుకుతారు. తంజావూరులోనూ మన నూజివీడులోనూ వీణల పనికి పేరుంది. అతుకుల వీణ తక్కువ రకం అనుకోవద్దు. అంత పెద్ద పనస మొద్దులు దొరకడం రానురాను కష్టమవుతోంది, చిన్న మొద్దులతో మంచి వీణ చేయడం కూడా గొప్ప విద్యే. ఏకాండికీ అతుకుల వీణకూ తేడా ప్రయాణంలో బయటపడుతుంది. జిగురుకు వేడి పడదు. ఎండలో గంటల తరబడి ఉన్న పెట్టెలో, పూర్తిగా బిగించిన తీగలు దండిని లాగుతుంటే, అతుకు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి శ్రుతి నిలవదు. ఏకాండికి ఆ భయం లేదు. దానికి వేరే భయం: దాన్ని ఏ విధంగానూ పొట్టి చేయలేం. నాలుగడుగుల పైచిలుకు వస్తువు నాలుగడుగుల పైచిలుకు పెట్టెలోనే పోవాలి.

అందుకే విడదీసే వీణలు వచ్చాయి. కుండ దగ్గర దండిని మరబోల్టుతో బిగించి, కావలసినప్పుడు ఊడదీసి రెండు ముక్కలుగా సర్దుకునే వీణలివి. కోత పెట్టడానికి అదే చోటు ఎందుకు? మెట్లు కూర్చునే మైనపు పట్టీ దండి మీద మొదలై దండి మీదే ముగుస్తుంది. కోత కుండ అంచు దగ్గర పడితే 24 మెట్లలో ఒక్కదాన్నీ కదపనక్కర్లేదు. వేరయ్యేది గుర్రం ఉన్న భాగం, వేరు కాకుండా ఉండేది మెట్ల వరస. అయితే ఒక చిక్కుంది. తిరిగి బిగించినప్పుడు దండి ఇంతకుముందున్న కోణంలోనే నిలవాలి. రవ్వంత పైకి లేచినా తీగకూ మెట్టుకూ మధ్య ఎడం మారిపోతుంది, కొన్ని మెట్ల దగ్గర తీగ గీరుకుంటుంది. అందుకే బోల్టు ఒక్కదాన్నే నమ్మకుండా, ఒక ముక్కలోని కర్ర నాలుక రెండో ముక్కలోని గాడిలోకి బిగువుగా దిగేట్టు చేస్తారు. కోణాన్ని నాలుక కాపాడుతుంది, బోల్టు బిగువును మాత్రమే ఇస్తుంది. ఈ పని చూసి వీణ కొనేవాళ్లు ముందుగా ఆ నాలుకను గాడిలో పెట్టి, బోల్టు లేకుండా, చేత్తో ఆడించి చూడాలి. ఆడితే ఆ వీణ వద్దు.

బుర్ర విషయం తేలిక. అది మొదటి నుంచీ మరతోనే ఉంది. దండి అడుగున ఉన్న లోహపు గిన్నెలోకి తిప్పితే బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది. నాదంలో దాని వాటా కొంతే. ముఖ్యమైన పని దండిని తొడ మీద నిలబెట్టడం. ఒకప్పుడు ఎండిన సొరబుర్ర వాడేవారు, ఇప్పుడు కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌తోనో చేసినవి ఎక్కువ. బుర్ర తీసేస్తే వీణకు అడుగున పొడుచుకొచ్చేది ఏమీ ఉండదు. పెట్టె లోతు తగ్గుతుంది. బుర్రను గుడ్డల్లో చుట్టి వేరే పెట్టుకోవచ్చు.

ఇక తీగలు. ఒక చివర బిరడా, రెండో చివర కుండ అంచున ఉన్న నాగపాశం, నడుమ బిరడాల వైపు తీగలు ఆనే మేరువూ, కుండ మీది గుర్రమూ. బిరడా అంటే కోసుగా చెక్కిన కర్ర మేకు. మరలేవీ లేవు. రంధ్రంలోకి నొక్కి తిప్పితే రాపిడితోనే నిలుస్తుంది. గాలి పొడిగా మారితే బిరడా కాస్త సన్నబడి జారుతుంది, తేమ పెరిగితే ఉబ్బి బిగుసుకుంటుంది. పెద్ద సవరింపు బిరడాతో, సన్నటి సవరింపు నాగపాశం దగ్గర తీగకు తొడిగిన లంగరుతో. లంగరును జరిపితే తీగ వెంట్రుకవాసి బిగుస్తుంది లేదా సడలుతుంది. వాయిస్తూ మధ్యలో శ్రుతి సరిచూసుకోవడానికి ఇంతకంటే చిన్న పరికరం ఉండదేమో. ప్రయాణంలో ఊడి పోయేది కూడా ముందుగా అదే. తీగలు సడలించే ముందు లంగర్ల మీద గుడ్డపేలిక చుట్టి కట్టాలి.

ఎంత సడలించాలి? పూర్తిగా విప్పేయడం మంచి పద్ధతి కాదు. చాలా వీణల్లో గుర్రం పలక మీద జిగురుతో అతికి ఉండదు. తీగల ఒత్తిడే దాన్ని అక్కడ నిలిపి ఉంచుతుంది. తీగలన్నీ ఒక్కసారి వదిలేస్తే గుర్రం పడిపోతుంది, దానితోపాటు తాళ తీగల కింద ఉండే వంపు లోహపు గుర్రమూ జారుతుంది. తిరిగి పెట్టేటప్పుడు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే 24 మెట్లూ ఒక్కసారే అపశ్రుతి. పైగా గుర్రం నెత్తిన కూర్చోబెట్టిన లోహపు రేకుకు కంటికి ఆనని వంపు ఉంటుంది. తీగ ఆ వంపును రాసుకుంటూ కదిలితేనే వీణకు ఆ జీవం ఉన్న నాదం వస్తుంది. రేకు కిందా మైనమే. కాబట్టి గుర్రం పాదాల చుట్టూ సన్నటి పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకుని, తీగలను నాలుగైదు స్వరాలు దిగేదాకా సడలించి, గుర్రం నిలబడేంత ఒత్తిడి మిగల్చాలి. తర్వాత తీగలకూ మెట్లకూ మధ్య మెత్తటి నూలు గుడ్డను పొడవుగా మడిచి దూర్చాలి. కుదుపులకు తీగ మెట్టు మీద కొట్టుకోదు.

ఇప్పుడు అసలు సంగతి, మేళం: మైనంలో కూర్చిన మెట్ల వరస. దండి రెండు అంచుల వెంబడీ నల్లటి మైనపు గట్లు ఉంటాయి. 24 కంచు మెట్లు ఆ గట్టు మీంచి ఈ గట్టు మీదికి అడ్డంగా పడుకుని ఉంటాయి. మెట్టు నడుమ కింద ఏ ఆధారమూ లేదు. రెండు చివరలే మైనంలో దిగి ఉంటాయి. గోరుతో గీస్తే గీత పడే పదార్థం మీద ఇంత పెద్ద సంగీతాన్ని నిలబెట్టారంటే కొత్తగా చూసేవాళ్లు నమ్మరు.

ఆ మైనం తేనెమైనమూ బొగ్గుపొడీ కలిపింది, కొందరు గుగ్గిలం కూడా వేస్తారు. ఒక్క తేనెమైనమే అయితే వేసవిలో మెత్తబడి జారుతుంది. మెత్తగా నూరి వస్త్రగాళితం పట్టిన బొగ్గుపొడి దానికి గట్టిదనం ఇస్తుంది, గుగ్గిలం పట్టు ఇస్తుంది. కరిగించి, కలిపి, రోట్లో దంచి, చేత్తో పిసికి, మళ్లీ దంచుతారు. పాళ్లు ఎవరివి వాళ్లవి. పొడి ఎక్కువైతే గట్టు పెళుసుబారి పెచ్చులూడుతుంది, తక్కువైతే మెట్టు కుంగుతుంది. పాకం కుదిరిన మైనాన్ని తాడులా పేనినట్టు చేసి దండి అంచుల మీద పరిచి, అదిమి, గట్లు కడతారు.

తర్వాత తీగలు బిగించి శ్రుతి చేసి, ఒక్కో మెట్టునూ చెవితో పెడతారు. మేరువు నుంచి గుర్రం దాకా తీగ నిడివి 84 సెంటీమీటర్లు అనుకుందాం. లెక్క ప్రకారం 12వ మెట్టు సగంలో రావాలి. 24వ మెట్టు దగ్గర మిగిలే తీగ పావు వంతు, 21 సెంటీమీటర్లు. నిజానికి మెట్టు మీద నొక్కితే తీగ సాగి శ్రుతి కొంచెం ఎక్కుతుంది, కాబట్టి మెట్టు లెక్క చెప్పిన చోటికి రవ్వంత ఇవతల, మేరువు వైపు పడాలి. ఆ రవ్వంత ఎంతన్నది తీగ మందాన్ని బట్టి, మెట్టు ఎత్తును బట్టి మారుతుంది. టేపు పెట్టి కొలిచి మేళం కట్టడం కుదరనిది ఇందుకే. ఒకే మెట్టు నాలుగు తీగలకూ పనికి రావాలి. సారణి మీద ఒప్పిన చోటు అనుమంద్రం మీద ఒప్పకపోతే మెట్టును ఒక కొనలో నలుసంత వాల్చి సర్దుతారు. ఎత్తు కూడా అంతే. పక్క మెట్టు కంటే ఎత్తయితే ముందున్న మెట్టు మీద నొక్కిన తీగ దీనికి తగిలి గరగరలాడుతుంది.

మెట్టు జరిగితే ఎంత నష్టమో కూడా ఈ లెక్కలోనే ఉంది. మొదటి మెట్టు మేరువుకు 4.7 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది; 23కూ 24కూ మధ్య ఎడం 1.25 సెంటీమీటర్లే. ఒక మెట్టు ఒక్క మిల్లీమీటరు జరిగిందనుకోండి. మొదటి మెట్టు దగ్గర అది ఒక స్వరస్థానంలో 47వ వంతు, చాలామంది చెవులు పట్టుకోవు. 24వ మెట్టు దగ్గర అదే మిల్లీమీటరు పన్నెండో వంతు. పక్కింటివాళ్లకు కూడా తెలుస్తుంది. ప్రయాణం చేసి వచ్చిన వీణను పైస్థాయి నుంచి పరీక్షించాలనడం ఇందుకే.

ఇక వేళ్లు ఆ మెట్ల మీద చేసే పని చూడండి. గమకం కోసం తీగను మెట్టు మీదే పక్కకు లాగుతాం, ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరస్థానాలు ఎక్కిస్తాం. ఆ లాగుడంతా మెట్టు చివరల దగ్గర మైనం భరించాలి. రోజూ, ఏళ్ల తరబడి భరిస్తుంది. మరి సిమెంటు లాంటి గట్టి పదార్థమో, మేకులో వాడొచ్చు కదా? వాడితే దండి కర్ర వానకాలం ఎండకాలం మధ్య కొద్దికొద్దిగా వంగి లేచేటప్పుడు మెట్లను తిరిగి సర్దే దారి మూసుకుపోతుంది. మైనం వేడి చేస్తే వదులుతుంది, చల్లారితే పట్టుకుంటుంది, ఎన్నిసార్లయినా. వీణలో అన్నిటికంటే బలహీనమైన పదార్థాన్ని తెలిసే ఎంచుకున్నారు. మరమ్మతు అక్కడే జరగాలని, కర్ర దాకా పోకూడదని. నా దృష్టిలో వీణ మొత్తంలో ఇంతకు మించిన తెలివి లేదు.

ప్రయాణానికి మాత్రం అదే మైనం హద్దులు గీస్తుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, దానికి చాలా ముందే, 35 దాటితే చేతికి లొంగేంత మెత్తబడుతుంది. బొగ్గూ గుగ్గిలమూ ఆ హద్దును కొంత పైకి జరుపుతాయి, అంతే. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటగలదు. విజయవాడ మే నెలలో భోజనానికి దిగి వీణను కారులో వదిలితే, తిరిగి వచ్చేసరికి మెట్లు మెత్తబడ్డ మైనంలోకి కుంగిపోయి ఉంటాయి. విమానం సామాను గది గురించి జనం భయపడేది తక్కువ గాలి పీడనానికి. అక్కడా ప్రయాణికుల గదిలో ఉన్నంత పీడనమే ఉంటుంది. అసలు గండం విమానం బయట, కాంక్రీటు మీద ఎండలో ట్రాలీ ఆగి ఉన్న సమయం. రెండో గండం అటువైపు చలిలో. చలికి మైనం పెళుసెక్కుతుంది, అప్పుడు ఒక్క దెబ్బకు గట్టు మెట్టుతో సహా పెచ్చుగా లేస్తుంది. ఓడ కంటైనరులో వారాల తరబడి పంపమని నేను ఎవరికీ చెప్పను.

పెట్టె అంటే ఫైబర్ గ్లాసు పెట్టె, లోపల గట్టి ఫోము. దాని పనితనం ఫోము మందంలో లేదు, ఎక్కడెక్కడ ఆనిందన్న దాంట్లో ఉంది. బరువు ఆనాల్సింది రెండు చోట్ల: కుండ అడుగున గుండ్రటి భాగం మీద, దండి అడుగు వెంబడి. పలకకూ మూతకూ మధ్య ఖాళీ ఉండాలి, లేదంటే పెట్టె మీద మరో పెట్టె పడ్డప్పుడు ఆ దెబ్బ నేరుగా గుర్రం మీద, గుర్రం నుంచి పలక మీద పడుతుంది. యాళి ముఖం దేనికీ తగలకుండా గాలిలో ఉండాలి. ఆ ముఖం కిందికి వంగే చోట కర్ర నార అడ్డంగా తెగి ఉంటుంది, విడిగా చెక్కి అతికినదైతే అతుకు ఉంటుంది. పెట్టె నిలువునా కింద పడితే తల బరువే దాన్ని విరుస్తుంది. మెడ కింద పట్టు ఉండి తల స్వేచ్ఛగా ఉంటే విరగదు. కొనేటప్పుడు వీణను పెట్టెలో పెట్టి మూత వేసి, పెట్టెను నిలబెట్టి ఊపి వినండి. చప్పుడు రాకూడదు.

నిబంధనల సంగతి క్లుప్తంగా. మన దేశీయ విమానాల్లో చేతిసామాను మామూలుగా 7 కిలోలు, మూడు కొలతలూ కలిపి 115 సెంటీమీటర్లు. వీణకు అందులో ఆశ లేదు. పక్క సీటు కొనడమో, సామాను గదికి ఇవ్వడమో. అమెరికా విమాన సంస్థలకు 2012 చట్టం ఒక హద్దు పెట్టింది: మూడు కొలతలూ కలిపి 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు మించకపోతే వాద్యాన్ని సామానుగా తీసుకోవాలి. పెట్టెతో సహా వీణ ఆ హద్దుకు చాలా లోపలే. కొందరికి కస్టమ్స్ దగ్గర కర్ర గురించి భయం. పనసకు ఆంక్ష లేదు. బిరడాలు రోజ్‌వుడ్ అయినా, 2017లో ఆ జాతి మొత్తాన్ని, అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోకి తెచ్చి వాద్యాలకు పెట్టిన పత్రాల బెడద, తయారైన వాద్యాల వరకు 2019 నవంబరులో తొలగింది. తాతల నాటి వీణకు ఏనుగు దంతపు నగిషీ ఉంటే మాత్రం సంగతి వేరు. దంతం మీద నిషేధం గట్టిది. ఆ వీణ ఇంట్లోనే ఉండాలి.

వీణను ఇంత కష్టపెట్టి మోయడం చూసినప్పుడు నాకు తెలంగాణ కిన్నెర గుర్తొస్తుంది. వెదురు దండి, సొరబుర్రలు, తేనెమైనంతో నిలిపిన మెట్లు. పదార్థాలు దాదాపు ఇవే, బుద్ధి వేరు. ఊరూరా తిరిగి కథ చెప్పే దక్కలివారి వాద్యం అది, నడక కోసమే పుట్టింది. భుజాన వేసుకుంటే బరువుండదు, బుర్ర పగిలితే పక్క ఊరి పాదు మీద మరొకటి, మెట్టు ఊడితే అక్కడే మైనం. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. వీణ కచేరీకి కూర్చునే వాద్యం, కిన్నెర నడిచే వాద్యం. ఒకదాన్ని మరొకదానిలా వాడలేం.

వీణ లాంటి మెట్లుండి, బుర్రలూ కుండా తీసి సంచిలో పెట్టుకోగలిగేవి ఎలక్ట్రానిక్ వీణలు. బెంగళూరు రాడెల్ సంస్థ చేసినవి చాలామంది వాడుతున్నారు. మెట్లను మైనం లేకుండా సర్దుకునే ఏర్పాటు వాటిలో ఉంది. సాధనకు, ముఖ్యంగా పల్చటి గోడల అపార్ట్‌మెంటులో హెడ్‌ఫోన్ పెట్టుకుని చేసే రాత్రి సాధనకు, బాగా పనికొస్తాయి. ఎడమచేతి పని చెడకుండా కాపాడతాయి. తీగ రేకును రాసుకుని కుండలోకి దిగే నాదం మాత్రం పనస లేనిదే రాదు. ఏడాది లోపు ప్రయాణమైతే నేను ఎలక్ట్రానిక్ వీణనే తీసుకెళ్లి, పనస వీణను ఇంట్లో వదిలేస్తాను.

ఇంట్లో వదలడమంటే గోడకు చేర్చి గలేబు కప్పడం కాదు. తీగలు మూడు నాలుగు స్వరాలు దించి, ఎండ పడని లోపలి గోడ దగ్గర, నేలకు తగలకుండా చాప మీద పడుకోబెట్టాలి. ఫ్రిజ్ వెనక వేడి గాలికీ ఏసీ ఎదుటి చల్లగాలికీ దూరంగా. కోస్తా ఊళ్లలో ఉక్కు తీగలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి, నూనె తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి వదలాలి. వీటన్నిటికంటే మేలైంది అమ్మమ్మ మాటే: వాయించే పిల్లకు ఇచ్చి వెళ్లడం. రోజూ శ్రుతి చేసే చెయ్యి మెట్టు కదిలిన రోజే పట్టుకుంటుంది, బిరడా జారితే సుద్ద రాస్తుంది, తుప్పు పట్టిన తీగ మారుస్తుంది. గలేబు కింద మూడేళ్లున్న వీణకు ఆ మూడేళ్ల లోపాలన్నీ ఒక్కరోజే బయటపడతాయి.

రెండేళ్లు దాటిన ప్రయాణానికి, అందులోనూ వీణ ఏకాండి అయితే, తీసుకెళ్లడమే నా సలహా. దిగాక మొదటి పని పెట్టె తెరవకపోవడం. ఒక రోజంతా గదిలో మూసి ఉంచితే లోపలి కర్ర, మైనం గది వేడికి మెల్లగా వస్తాయి. చలిదేశంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. మన తీరాన 70 దాటే తేమలో పెరిగిన కర్రకు అది కరువు. కర్ర నిడివిన దాదాపు కుదించుకుపోదు, అడ్డంగా కుదించుకుపోతుంది. అంచులు కుండకు అతికి ఉన్న పలక అటూ ఇటూ లాగబడి నడుమ చీలుతుంది. కాబట్టి వీణ ఉండే గదిలో హ్యూమిడిఫయర్ పెట్టి తేమను 45, 50 దగ్గర నిలపాలి. ఏకాండికైనా పలక విడిగా అతికిందే అని ఇక్కడ మరవకూడదు.

తీగలు ఎక్కించడం ఒక్కరోజులో వద్దు. అన్నిటినీ సమంగా, రోజుకు ఒకటి రెండు స్వరాల చొప్పున. గుర్రం పాదాలు పెన్సిల్ గీతల్లోనే ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడాలి. శ్రుతికి వచ్చాక సారణి సగంలో వేలు తేలిగ్గా ఆనించి మీటితే పైషడ్జం గంటలా పలుకుతుంది. అదే తీగను 12వ మెట్టు మీద నొక్కి మీటి, రెండూ ఒకటేనో కాదో వినాలి. తర్వాత 24, ఆ తర్వాత నడిమివి. సారణి, మంద్రం ఒకే మెట్టు మీద స్థాయి తేడాతో ఒకే స్వరం పలుకుతాయి గనక, రెండింటినీ కలిపి మీటితే ఒక కొన జరిగి వాలిన మెట్టు తేలిగ్గా దొరుకుతుంది. దొరికాక, చాకు మొన వేడి చేసి మెట్టు రెండు చివరల దగ్గర మైనానికి తాకించి, అది మెరవగానే మెట్టును గోటితో నెట్టి, చల్లారేదాకా కదలకుండా పట్టుకుని, మళ్లీ మీటి చూడాలి. మూడు నాలుగు మెట్లయితే ఒక పూట పని. పదికి మించి తప్పితే మేళం కొత్తగా కట్టించుకోవాల్సిందే. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా జరిగే త్యాగరాజ ఉత్సవాల లాంటి చోట్లకు వీణలతో వచ్చేవాళ్లను అడిగితే, ఆ దేశంలో మైనం పని తెలిసిన మనిషి ఎక్కడున్నదీ చెబుతారు.